మాదాపూర్‌లో ఒక పాత యూనికార్న్

హైటెక్ సిటీలో యూనికార్న్ అంటే వంద కోట్ల డాలర్ల స్టార్టప్ అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. మా హాస్టల్ రూములో ఉన్న యూనికార్న్‌కి అంత సీన్ లేదు. దాని మెమరీ 32 కిలోబైట్లు, ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్ 6502. పోయిన వానాకాలంలో ఒక ఆదివారం రాత్రి అది పొగ వదిలింది. పక్క రూమువాళ్లు "ఎవడ్రా దోసె మాడ్చింది" అంటూ వచ్చారు. దోసె కాదు, పవర్ సప్లై. దాన్ని మార్చే పని మూడు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ వ్యాసం. మీలో ఎవరింట్లోనైనా అటక మీద ఇలాంటి పెట్టె ఉంటే, ప్లగ్ పెట్టే ముందు ఇది చదవండి.

అసలు ఈ పెట్టె ఏమిటి? 1981లో ఇంగ్లండ్‌లో ఏకార్న్ అనే కంపెనీ బీబీసీ కోసం ఒక హోమ్ కంప్యూటర్ తయారు చేసింది. పేరు బీబీసీ మైక్రో. 1984-85లో మన ప్రభుత్వం బడిపిల్లలకి కంప్యూటర్ పరిచయం చేద్దామని 'క్లాస్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, ముందుగా దాదాపు 250 బడులకి ఈ మెషీన్లే ఇచ్చింది. వాటిని లైసెన్స్ మీద ఇక్కడ తయారు చేసింది మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్. వాళ్లు పెట్టిన పేరే యూనికార్న్. డాల్ఫిన్ అని ఇంకో దేశీ తమ్ముడు కూడా ఉండేది, దాని ఫంక్షన్ కీలు ఎరుపు కాదు, నీలం. 1989లో ఆ మొహాలీ ఫ్యాక్టరీలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చిప్‌లు చేసే విభాగమే కాలిపోయింది. ఆ కథ ఇంకోసారి.

మా పెద్దనాన్న జిల్లాలో లెక్కల టీచరు. ఆ ప్రాజెక్టులో ట్రైనింగ్ తీసుకుని పిల్లలకి బేసిక్ నేర్పారు. తర్వాత బడివాళ్లు పాత సామాను వేలం వేస్తే, బెంచీలతోపాటు దీన్నీ కొనుక్కున్నారు. ఇరవై ఏళ్లకి పైగా అటక మీదే ఉంది. నేను ఈసీఈలో చేరానని తెలిసి, "నీకు పనికొస్తుందేమో చూడు" అని ఇచ్చారు. నేను తెలివిగా నేరుగా ప్లగ్ పెట్టాను. స్క్రీన్ వచ్చింది, రెండు బీప్‌లు మోగాయి, పెద్దనాన్నకి వీడియో కాల్ కూడా చేశాను. పావుగంట తర్వాత టప్ మని చప్పుడు, తెల్లటి చిక్కటి పొగ, మూడు రోజులు పోని వాసన.

విచిత్రం ఏమిటంటే, పొగ వస్తున్నంతసేపూ కంప్యూటర్ పనిచేస్తూనే ఉంది. దీనికి కారణం తెలిస్తే సగం పవర్ సప్లై అర్థమైనట్టే.

బీబీసీ మైక్రోలో పవర్ సప్లై బయట అడాప్టర్‌లా ఉండదు. కీబోర్డు పక్కన, అదే పెట్టెలో, ఒక రేకు డబ్బాలో ఉంటుంది. లోపల ఎస్ఎంపీఎస్. మెయిన్స్ 230 వోల్టులు మొదట ఒక ఫిల్టర్ దాటుతాయి, తర్వాత బ్రిడ్జ్ రెక్టిఫైయర్‌లో డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిలబడతాయి. దాన్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకి వేలసార్లు ముక్కలు చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి పంపుతుంది. అటువైపు 5 వోల్టులు బయటికి వస్తాయి. పేలింది ఆ మొదటి ఫిల్టర్‌లోని కెపాసిటర్. దాని పని సప్లైలో పుట్టే గోలని మెయిన్స్‌లోకి పోకుండా ఆపడం. గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. వాచ్‌మన్ పడిపోయినా ఆఫీసు నడుస్తుంది.

అది ఎందుకు పడిపోతుంది? ఆ రోజుల్లో ఈ జాతి కెపాసిటర్లని లోహపు పూత వేసిన కాగితంతో చేసేవారు. స్పైక్ వచ్చి ఒకచోట చిల్లు పడినా చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి తనంతట తానే బాగయ్యే గుణం కాగితానికి ఉంది. అంటే అప్పటికి అది మంచి ఎంపికే. కానీ పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఏళ్ల తరబడి ఎండకి వేడికి సన్నగా పగుళ్లు తీస్తుంది. కాగితం గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన అటకల మీద ఎన్ని వానాకాలాలు గడిచాయో లెక్కేసుకోండి. తడి కాగితం మీద 230 వోల్టులు పెడితే కరెంటు లీకై వేడెక్కి, ఉబ్బి, పేలుతుంది. తేనెరంగు పారదర్శకపు తొడుగు, లోపల గీతల్లా పగుళ్లు కనిపిస్తే ప్లగ్ పెట్టకండి, అంతే.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే 0.1 మైక్రోఫారడ్, ఎక్స్2 క్లాస్, 275 వోల్టుల ఏసీ అని రాసున్న కొత్త కెపాసిటర్ టీ ఖరీదుకి దొరికింది. ఇప్పుడివి పాలీప్రొపిలీన్‌తో వస్తాయి, తేమ గొడవ తక్కువ. ఒక మాట గుర్తుంచుకోండి: మెయిన్స్‌కి అడ్డంగా పెట్టేదానికి ఎక్స్2 గుర్తు ఉండాల్సిందే. "400 వోల్టులది ఉంది, ఇదే మంచిది తమ్మీ" అని షాపతను ఇచ్చిన మామూలు ఫిల్మ్ కెపాసిటర్‌ని వెనక్కి ఇచ్చేశాను.

ఇక్కడితో ఆగిపోవచ్చు. చాలామంది ఆగుతారు. నేను ఆగకపోవడానికి కారణం 5 వోల్టుల వైపు ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ముప్పై ఐదేళ్లకి వాటిలో రసం ఎండిపోతుంది. అప్పుడు 5 వోల్టుల మీద అలలు పెరుగుతాయి. ఇంకా చెడ్డ సంగతి, సప్లైలో వోల్టేజీని అదుపులో పెట్టే ఫీడ్‌బ్యాక్ భాగం పాడైతే 5 కాస్తా 7, 8 అవుతుంది. మదర్‌బోర్డు మీద వీడియో యూఎల్ఏ అనే చిప్ ఉంది. ఈ కంప్యూటర్ కోసమే చేయించినది, ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. అది పోతే, ఒరిజినల్ చిప్పే కావాలంటే ఇంకో పాత మెషీన్‌ని చంపి తీసుకోవాల్సిందే. పవర్ సప్లై ఎంత బాగా పనిచేస్తుందన్నది కాదు, పాడయ్యే రోజు ఎలా పాడవుతుందన్నది నాకు ముఖ్యమైంది. ఓవర్‌వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్న కొత్త మాడ్యూల్ పెడదామని అనుకున్నది అందుకే.

ఎంత పవర్ కావాలి? ఒరిజినల్ డబ్బా మీద 5 వోల్టులు 3.75 ఆంపియర్లు, మైనస్ 5 వోల్టులు 0.1 ఆంపియర్, డిస్క్ డ్రైవ్ కోసం 12 వోల్టులు 1.25 ఆంపియర్లు అని ఉంటుంది. కంప్యూటర్ వరకే అయితే 19 వాట్లు. మీ లాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు. పాతది అని ఎక్కువ తింటుందనుకుంటాం గానీ, ఇది మన ట్యూబ్‌లైట్ కంటే తక్కువే తింటుంది.

19 వాట్లు చిన్నవే కానీ 3.75 ఆంపియర్లు చిన్నవి కావు. ఒక కనెక్టర్‌లో తుప్పు వల్ల 0.1 ఓం వచ్చిందనుకోండి. ఆ కరెంటంతా దాంట్లోంచే పోతే 0.375 వోల్టులు అక్కడే పోతాయి. చిప్‌లకి చేరేది 4.62. టీటీఎల్ చిప్‌లకి కనీసం 4.75 కావాలి. అందుకే ఈ మెషీన్‌లో 5 వోల్టులకి మూడు ఎర్ర వైర్లు, గ్రౌండ్‌కి మూడు నల్ల వైర్లు వేరువేరు చోట్ల బోర్డుకి తగులుతాయి. అన్నీ ఒకే వోల్టేజీ కదా, ఒక్కటి చాలదా అని నాకూ అనిపించింది. చాలదు. ఇంకోటి, కొలిచేటప్పుడు సప్లై దగ్గర కాదు, బోర్డు మీద ఏదో ఒక చిప్ కాళ్ల దగ్గర కొలవండి.

ఏడో వైరు వంకాయరంగుది. మైనస్ 5. దాన్ని నేను లెక్కచేయలేదు. 5, 12 రెండూ ఇచ్చే మాడ్యూల్ తెచ్చి, ఆ ఒక్క వైరుని వదిలేసి ఆన్ చేశాను. స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి. నేను గంతులేస్తుంటే కాల్‌లో ఉన్న పెద్దనాన్న, "మోగలేదేంరా?" అన్నారు. ఆన్ చేయగానే ఒక పొడుగు బీప్, వెంటనే ఒక పొట్టి బీప్ రావాలి. రాలేదు. "క్లాసులో ముందు అది వినబడేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. అది మోగకపోతే టీవీరా, కంప్యూటర్ కాదు." సౌండ్ యాంప్లిఫైయర్, సీరియల్ పోర్ట్ పనిచేయాలంటే మైనస్ 5 కావాలి. పదో వంతు ఆంపియర్ కోసం మొత్తం మాడ్యూల్ వెనక్కి ఇచ్చి, 5, 12, మైనస్ 5 మూడూ ఇచ్చే ట్రిపుల్ అవుట్‌పుట్ మాడ్యూల్ తెచ్చుకున్నాను. ఆ వంకాయరంగు వైరుని పొరపాటున పక్కనున్న 5 వోల్టుల కాలికి తగిలించారో, మీ కథ అక్కడితో ఆఖరు. వైర్లు పీకే ముందు ఫోటో తీసుకోండి.

స్పెక్ట్రమ్ ఉన్నవాళ్లకి ఒక చిన్న మాట. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థి సత్య నాదెళ్లకి పదిహేనేళ్లప్పుడు వాళ్ల నాన్న బ్యాంకాక్ నుంచి తెచ్చిచ్చింది ఆ సింక్లైర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమే. దాంట్లో ఎస్ఎంపీఎస్ లేదు. బయట అడాప్టర్ 9 వోల్టులు ఇస్తే, లోపల 7805 రెగ్యులేటర్ దాన్ని 5కి దించుతుంది. మిగతా 4 వోల్టులు వేడిగా తగలబెడుతుంది. 0.8 ఆంపియర్ల దగ్గర 3.2 వాట్లు. పైగా ఆ అడాప్టర్‌కి రెగ్యులేషన్ లేదు, మెయిన్స్ పెరిగితే అదీ పెరుగుతుంది. ఏప్రిల్లో మన ఊరి వేడికి ఆ ప్లాస్టిక్ పెట్టె ఇడ్లీ పాత్రే. 7805 స్థానంలో అదే మూడు కాళ్లతో వచ్చే చిన్న స్విచింగ్ రెగ్యులేటర్ పెడితే ఆ వేడి చాలావరకు పోతుంది. బీబీసీ కంటే ఇది చాలా తేలిక, ప్రాణభయం కూడా లేదు.

ప్రాణభయం అని ఊరికే అనలేదు. 230 అనేది ఆర్ఎంఎస్. శిఖరం 325 వోల్టులు. ఆ పెద్ద కెపాసిటర్‌లో నిలిచేది అదే, ప్లగ్ పీకిన తర్వాత కూడా. 220 మైక్రోఫారడ్ అనుకుంటే దాదాపు 11.6 జౌళ్లు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరులు మన ల్యాబ్‌లోనూ ఉన్నారు, వాళ్ల స్క్రూడ్రైవర్ కొసలు చూడండి. 10 కిలో ఓంల 10 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేట్ చేసిన వైర్లతో పట్టించి పదిహేను సెకన్లు ఆగితే చాలు, తర్వాత మీటర్‌తో చూసి నమ్మండి. ఓసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ని ఆ మెయిన్స్ వైపు ఎప్పుడూ తగిలించకండి, అది నేరుగా ఎర్త్. ఇవి తెలియనివాళ్లు తెరవొద్దు, తెలిసినవాళ్లు ఒంటరిగా తెరవొద్దు. నేను రూమ్మేట్‌ని స్విచ్ బోర్డు దగ్గర నిలబెట్టాను. వాడు రీల్స్ చూస్తూ నిలబడ్డాడు, అది వేరే విషయం.

పాత డబ్బాని ఖాళీ చేసి అందులోనే కొత్త మాడ్యూల్ దూర్చొచ్చు. చూడ్డానికి బావుంటుంది. నేను చేయలేదు. బాలానగర్‌లో రేకు పనిచేసే షాపులో అదే కొలతలకి ఇంకో డబ్బా కొట్టించాను, గాలి ఆడటానికి చిల్లులతో. మాడ్యూల్ టెర్మినళ్లు బయటికి తెరిచి ఉంటాయి కాబట్టి డబ్బా తప్పనిసరి, డబ్బాకి ఎర్త్ తప్పనిసరి. ప్లగ్ ఎర్త్ పిన్ నుంచి రేకు దాకా మీటర్ పెడితే ఒక ఓం లోపు రావాలి. పెయింట్ గీకకపోతే రాదు, నాకు మొదటిసారి రాలేదు.

కంప్యూటర్‌కి తగిలించే ముందు డమ్మీ లోడ్. 5 వోల్టుల మీద 2.2 ఓంల 25 వాట్ల రెసిస్టర్ పెడితే 2.3 ఆంపియర్లు లాగుతుంది. మెయిన్స్ వైపు 60 వాట్ల బల్బుతో సిరీస్ బోర్డు. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది, అలాగే భగభగ వెలుగుతుంటే ఎక్కడో షార్ట్. బల్బు తీసేసి గంటసేపు నడిపితే 5.03 దగ్గర కదలకుండా నిలబడింది. మైనస్ మాత్రం 5.2 చూపించింది. ఇలాంటి మాడ్యూళ్లలో ఫీడ్‌బ్యాక్ ముఖ్యంగా 5 వోల్టుల మీదే ఉంటుంది, మిగతావి లోడుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. కంగారు పడక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం నాకు చరిత్ర నేర్పింది. 1985 ఏప్రిల్ 26న ఏకార్న్ ఇంజనీర్లు తమ మొదటి ఆర్మ్ చిప్‌ని పరీక్షించారు, ఈ బీబీసీ మైక్రోకి తగిలించే. చిప్ పనిచేసింది. కానీ అది తీసుకుంటున్న కరెంటు ఎంతో చూద్దామంటే అమ్మీటర్ సున్నా చూపించింది. తీరా చూస్తే పవర్ పిన్‌కి సప్లై అసలు చేరలేదు. పక్క చిప్‌ల సిగ్నల్ పిన్నుల నుంచి కారిన కరెంటుతోనే అది నడిచేసింది. స్టీవ్ ఫర్బర్ చెప్పిన ఈ కథని మన సీనియర్లు ఆర్మ్ గొప్పదనంగా చెప్తారు. గొప్పే, ఇవాళ మన అందరి జేబుల్లో ఉన్నది ఆ చిప్ వంశమే. నాకు మాత్రం ఇంకోటి తట్టింది. సిగ్నల్ పిన్ను నుంచి పవర్ దొంగదారిన వస్తుంది. సొంత సప్లై ఉన్న ఎస్డీ కార్డు అడాప్టర్ లాంటిది ముందు ఆన్ చేసి బీబీసీని ఆపి ఉంచితే, పాత చిప్‌లలోకి ఆ దారినే కరెంటు దూరుతుంది. వాటికి అంత ఓపిక ఉండదు. ముందు బీబీసీ, తర్వాత మిగతావి.

మొన్న సంక్రాంతికి మెషీన్ తీసుకుని ఊరెళ్లాను. ఆన్ చేస్తే రెండు బీప్‌లూ మోగాయి. పెద్దనాన్న ఏమీ అనలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, రెండే వేళ్లతో, ఎక్కాల ప్రోగ్రామ్ ఒకటి కొట్టారు. పదమూడో ఎక్కం స్క్రీన్ నిండా వచ్చింది. మా చెల్లి కూతురు "ఇందులో గేమ్స్ లేవా తాతా" అంది.

పాత సప్లైకి కొత్త ఎక్స్2 కెపాసిటర్లు వేసి, డబ్బా మూసి, పాత స్క్రూలతో సహా అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాను. పైన మార్కర్‌తో "ఎలక్ట్రోలిటిక్‌లు మార్చలేదు, ప్లగ్ పెట్టొద్దు" అని రాశాను. ఇక బ్రేక్ కీ అంటుకుపోతోంది. అది సెమిస్టర్ సెలవుల్లో చూడాలి.