కీమోలో తిమ్మిర్లు రాకుండా సప్లిమెంట్లు వాడొచ్చా?

కీమోథెరపీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఇది: "కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయంటున్నారు కదా, ముందే నరాల బలానికి మాత్రలు వేసుకుంటే మంచిదేనా?"

ముందు ఈ తిమ్మిర్లు ఎందుకొస్తాయో చూద్దాం. పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ లాంటి మందులు కణం లోపలుండే సన్నని గొట్టాలను బిగుసుకుపోయేలా చేస్తాయి. దాంతో క్యాన్సర్ కణం రెండుగా చీలలేక చచ్చిపోతుంది. కానీ నరంలో ఆ గొట్టాలే పోషకాలను చివరిదాకా మోసుకెళ్లే దారులు. అవి దెబ్బతింటే ముందుగా బాధపడేది పొడవైన నరాల కొసలు, అంటే కాలివేళ్లు. తర్వాత చేతివేళ్లు. గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

మరి సప్లిమెంట్లు ఆపగలవా? అసిటైల్ ఎల్ కార్నిటిన్ మీద చాలా ఆశ ఉండేది. అమెరికాలో ఈ రకం కీమో తీసుకుంటున్న 409 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను రెండు గుంపులు చేసి, ఒకరికి రోజుకు 3 గ్రాముల కార్నిటిన్, ఇంకొకరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2013లో ఫలితాలొచ్చాయి. 12 వారాలకు తేడా లేదు. 24 వారాలకు చూస్తే, కార్నిటిన్ వాడినవాళ్లకే తిమ్మిర్లు ఎక్కువ! రెండేళ్ల తర్వాత కూడా ఆ తేడా పోలేదు.

విటమిన్ ఇ కూడా పరీక్షించారు, ఉపయోగం కనిపించలేదు. ఆక్సాలిప్లాటిన్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం ఎక్కించి చూశారు, అదీ అంతే. ఇక బి6 మోతాదు మించితే అదే నరాలను పాడుచేస్తుంది. అందుకే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2020లో, నివారణకు ఫలానా మందు వాడండని దేన్నీ సిఫారసు చెయ్యలేదు. కార్నిటిన్ అయితే వద్దనే చెప్పింది.

ఇక్కడో జాగ్రత్త. మెడికల్ షాపులో "నరాల మాత్ర" అని ఇచ్చేదాంట్లో మిథైల్‌కోబాలమిన్‌తో పాటు కార్నిటిన్, బి6 కూడా కలిసి ఉండొచ్చు. స్ట్రిప్ వెనక ఏముందో చదవండి, డాక్టర్‌కి చూపించండి. రక్తపరీక్షలో బి12 లోపం తేలితే సంగతి వేరు, దానికి మోతాదు డాక్టరే చెప్తారు.

మరి మన చేతిలో ఏముంది? తిమ్మిరి మొదలవగానే చెప్పడం. "కీమో ఆపేస్తారేమో" అని దాచకండి. మోతాదు తగ్గించడమో, కొంచెం గడువివ్వడమో, మందు మార్చడమో డాక్టర్ ఆలోచిస్తారు. నొప్పి ఉంటే డులోక్సెటిన్ అనే మందుంది, అదీ డాక్టర్ రాస్తేనే. నరాన్ని కాపాడుకోవడానికి ఇప్పటికి అన్నిటికన్నా పనికొచ్చేది, సమయానికి చెప్పే ఆ ఒక్క మాటే.