ఆయాసమంతా ఉబ్బసం కాదు



వినగడప, గంపలగూడెం, తిరువూరు ప్రాంతాలలో ప్రత్తికీ మిరపకూ మందు కొట్టే రోజులు వచ్చాయంటే, విషం ఒంటికెక్కి కొందరు, మనసు విరిగి అదే మందు తాగి మరికొందరు ఆసుపత్రి పాలు కావడం మనమెరిగిన సంగతే. ఆ మందు ఊపిరి కండరాలను చచ్చుబరుస్తుంది. అప్పుడు వైద్యులు నోటి గుండా గాలిగొట్టములోనికి ట్యూబు దింపి, రోజుల తరబడి వెంటిలేటరు మీద ఉంచుతారు. ప్రాణం దక్కుతుంది. ఇంటిల్లిపాదీ స్తోత్రం చెల్లించి మనిషిని ఇంటికి తెచ్చుకుంటారు.

మేము చెప్పదలచినది ఆ తరువాతి సంగతి. మూడు నాలుగు వారాలకో, రెండు నెలలకో ఆ మనిషికి మెట్లెక్కితే ఆయాసం మొదలవుతుంది. ఊరి డాక్టరు ఉబ్బసమని బిళ్లలిస్తాడు. తగ్గదు. పీల్చే మందు ఇస్తాడు. తగ్గదు. బలహీనత అంటారు, భయం అంటారు, కొందరైతే పాపఫలమని కూడా అనేస్తారు. ఆ మాట అన్నవారిని మేము సమర్థించలేము. అక్కడున్నది గాలిగొట్టములో ఒక మచ్చ, అంతే.

పెద్దవారి గాలిగొట్టము పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. గుర్రపునాడా ఆకారములో ఉండే పదహారు నుండి ఇరవై మృదులాస్థి కట్లు దానిని తెరచి ఉంచుతాయి. లోపలికి దింపిన ట్యూబు చివర చిన్న గాలిబుడగ ఉంటుంది. అది మరీ బిగుతుగా ఉబ్బితే లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది. పుండు మానేటప్పుడు మచ్చగట్టి, దారి ముడుచుకుపోతుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో కూపర్, గ్రిల్లో అను సర్జన్లు 1969లో ఈ సంగతి బయటపెట్టిన తరువాతనే మెత్తని, తక్కువ ఒత్తిడి బుడగలు వాడుకలోకి వచ్చాయి. అయినా జబ్బు పూర్తిగా పోలేదు. 2020, 2021లలో కోవిడ్ వలన ఎందరో వారాల తరబడి వెంటిలేటరు మీద ఉండవలసి వచ్చింది. అటువంటి వారిలోనూ ఇది కనిపించింది. క్షయ వలన, గొంతుకు రంధ్రం చేసిన చోట కూడా రావచ్చు.

సాఫీగా పారే గాలికి గొట్టము వెడల్పు సగమైతే, పీల్చే శ్రమ రెండింతలు కాదు, పదహారింతలవుతుంది. అందుకే నిన్నటిదాకా నడిచిన మనిషి చిన్న జలుబుకే కూలబడిపోతాడు. దారి 8 మిల్లీమీటర్లకు తగ్గితే పనిలో ఆయాసం తెలుస్తుంది, 5 మిల్లీమీటర్లకు దిగితే కూర్చున్నా తెలుస్తుంది.

చెవి పెట్టి వినండి. ఉబ్బసములో పిల్లికూతలు ఎక్కువగా గాలి వదిలేటప్పుడు, ఛాతీలో వినబడతాయి. ఈ జబ్బులో గాలి లోపలికి పీల్చేటప్పుడు మెడ దగ్గర గరగరమనే, ఈలవేసినట్టుండే శబ్దం వస్తుంది. మామూలు ఎక్స్‌రేలో ఇది తప్పిపోవచ్చు. మెడకూ ఛాతీకీ సి.టి. స్కాన్ తీస్తారు. గొట్టములోకి సన్నని దుర్బిణీ దింపి చూసే బ్రాంకోస్కోపీతో మచ్చ ఎక్కడుంది, ఎంత పొడవుంది అనేది తేలుతుంది. ఊపిరి ఊదించే పరీక్షలో గీత పైన గుండ్రంగా రాక చదునైపోతే అది కూడా ఒక గుర్తు. తిరువూరులో ఈ సౌకర్యాలు లేకపోతే విజయవాడ గాని, హైదరాబాదు గాని వెళ్లవలసిందే.

మచ్చ పలుచగా, పొట్టిగా ఉంటే బుడగతో వెడల్పు చేస్తారు, లేసరుతో కోస్తారు. అయితే ఇది తరచు మళ్లీ ముడుచుకుంటుంది. రెండు మూడుసార్లు చేయించినా నిలవకపోతే, అసలు ఆపరేషను సంగతి అడగండి. ఆపరేషనులో ఇరుకైన భాగం కోసివేసి, రెండు కొసలూ కలిపి కుడతారు. ఒకప్పుడు రెండు సెంటీమీటర్లకు మించి తీయరాదనేవారు. ఇప్పుడు తగిన పెద్దవారిలో దాదాపు సగం గొట్టము దాకా తీయగలుగుతున్నారు. ట్యూబు వలన ఇరుకైన 503 మందికి చేసిన ఆపరేషన్ల ఫలితాలను గ్రిల్లో బృందం 1995లో ప్రకటించింది. వారిలో 471 మందికి మంచిగానో, తృప్తికరంగానో నయమైంది. 12 మంది మరణించారు. కనుక ఇది అనుభవమున్న చేతులలో జరగవలసిన పని. తరువాత గడ్డం ఛాతీకి వంగి ఉండేలా కుట్టువేసి వారం రోజులు ఉంచుతారు. మెడ వెనక్కి వాల్చితే లోపలి కుట్టు లాగుతుంది. చూసిన తల్లి కంగారుపడుతుంది గాని అది అవసరమే.

ఆపరేషనుకు తగనివారికి 1965 నుండి వాడుకలో ఉన్న మాంట్‌గోమరీ టి-ట్యూబు పెడతారు. మెడ మీది కొసకు మూత పెడితే మాట వస్తుంది. రోజూ శుభ్రం చేయకపోతే కఫం గట్టిపడి దారి మూసుకుంటుంది. కట్టలేటిలో గాని చెరువులో గాని దిగి స్నానం చేయరాదు. ప్రత్తి దూదిపొడికి దూరంగా ఉండాలి.

కూర్చున్నప్పుడే శబ్దం వస్తూ, ఒక మాట పూర్తిగా పలకలేకపోతే, పెదవులు నీలబడితే పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. గొంతులోకి పసరులు పోయకండి. సంఘ పెద్దలు వచ్చి ప్రార్థించాలనుకుంటే బండిలో కూర్చొనే ప్రార్థించవచ్చు.

ఖర్చు విషయం: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్‌లో నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్నది. మీ చికిత్స అందులో ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం తప్పక తీసుకెళ్లండి. ఎన్ని రోజులు ట్యూబు మీద ఉన్నారు, గొంతుకు రంధ్రం చేశారా అనే రెండు సంగతులు డాక్టరుకు ముందుగా చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.