మూత గుండ్రంగా ఎందుకుంది?

'మ్యాన్‌హోల్ మూత గుండ్రంగానే ఎందుకుంటుంది?'

ఉద్యోగానికి వెళ్తే ఇలాంటి ప్రశ్న ఎదురైందనుకోండి... ఆటపట్టిస్తున్నారనే అనిపిస్తుంది. కానీ ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూల పేరు చెప్పగానే గుర్తొచ్చే ప్రశ్న ఇది. గుండ్రటి మూతను ఎటు తిప్పినా గోతిలో పడదు. నలుపలకల మూతయితే ఐమూలగా జారిపోతుంది. అదీ జవాబు! సరే, ఆ జవాబు చెప్పినవాళ్లంతా సొంతంగా ఆలోచించగలవాళ్లేనా? కొత్తగా ఆలోచించే మనిషిని అరగంటలో పట్టుకోవడమెలా? కంపెనీలకు ఈ తలనొప్పి వందేళ్ల నుంచీ ఉంది.

థామస్ ఎడిసన్ సంగతే చూడండి. తన దగ్గర పనికొచ్చే పట్టభద్రులకు సుమారు 150 ప్రశ్నలతో పరీక్ష పెట్టేవాడాయన. ఫ్రాన్స్ సరిహద్దు దేశాలేవి, వోల్గా నది ఎక్కడుంది... ఇలాంటివి. 1921లో ఆ ప్రశ్నలు పత్రికలకెక్కాయి. అదే ఏడాది అమెరికా వచ్చిన ఐన్‌స్టీన్‌ను విలేకరులు 'ధ్వని వేగం ఎంత?' అని అడిగారు. పుస్తకాల్లో దొరికే సంగతుల్ని బుర్రలో మోయనని చెప్పేశాడు. ఎడిసన్ దగ్గర ఐన్‌స్టీన్‌కి ఉద్యోగం దొరకడం అనుమానమేనన్నమాట!

గూగుల్ ఇంకో అడుగు ముందుకేసింది. 2004లో సిలికాన్ వ్యాలీ రోడ్డు పక్కన కంపెనీ పేరైనా లేకుండా ఓ హోర్డింగ్ పెట్టింది. దానిమీద ఉన్నది ఒక లెక్క. గణితంలో వచ్చే 'ఇ' విలువలో వరుసగా కనిపించే మొదటి పదంకెల ప్రధాన సంఖ్యే వెబ్‌సైట్ చిరునామా. జవాబు 7427466391. అక్కడికెళ్తే ఇంకో లెక్క, అదీ విప్పితే బయోడేటా పంపమన్న పిలుపు! ఇంటర్వ్యూల్లోనూ 'విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి' లాంటివే. చివరికి 2013లో ఆ సంస్థ మానవ వనరుల అధిపతి లాస్లో బాక్ తేల్చిచెప్పాడు... ఈ చిక్కుప్రశ్నలు శుద్ధ దండగ, అడిగేవారికి తాము తెలివైనవాళ్లమన్న తృప్తి తప్ప ఒరిగేదేమీ లేదని.

మన దగ్గరైతే ఇంకో తంటా... బట్టీ. 2000ల్లో ఐటీ కొలువుల కోసం కాలేజీ హాస్టళ్లలో, అమీర్‌పేట గదుల్లో శకుంతలాదేవి పజిళ్ల పుస్తకాన్ని నమిలేసేవారు. లెక్క చూడగానే జవాబు గుర్తొచ్చేది. ఆ పుస్తకం చేతికందని పల్లెటూరి కుర్రాడు అక్కడే ఆగిపోయేవాడు, బుర్ర లేక కాదు.

మరేం అడగాలి? 'మీరు పరిష్కరించిన ఓ కష్టమైన సమస్య గురించి చెప్పండి' అని అడగడమే మేలంటాడు బాక్. అందర్నీ అవే ప్రశ్నలు అడగాలి, ఒకే కొలతతో మార్కులెయ్యాలి. అక్కణ్నుంచి తవ్వుకుంటూ పోవచ్చు. మొదట ఏం ప్రయత్నించావు? అదెందుకు కుదర్లేదు? సాయం ఎవరు చేశారు? నిజంగా చేసినవాళ్లకి చిన్నచిన్న వివరాలూ గుర్తుంటాయి. చెప్పుడు కథ రెండో ప్రశ్నకే నీళ్లు నములుతుంది.

ఇంకా నయం, పని చేయించి చూడటం. డిజైన్ చదువులకు పేరున్న ఎన్ఐడీ ప్రవేశాల్లో స్టూడియో టెస్ట్ ఉంటుంది. సామగ్రి చేతికిచ్చి తయారుచేసి చూపమంటారు. ఉద్యోగానికీ అంతే... ప్రకటనల సంస్థయితే ఓ సబ్బుకి నాలుగు మాటలు రాయించొచ్చు. అయితే పరీక్ష పేరుతో రోజుల తరబడి పని చేయించుకుని, ఆ ఆలోచనల్ని ఉచితంగా వాడుకోవడం మాత్రం అన్యాయం. అంత పని కావాలంటే డబ్బివ్వాల్సిందే.

మీ ఇంట్లో ఎవరైనా ఇంటర్వ్యూకి వెళ్తుంటే సర్టిఫికెట్ల ఫైల్లో కాస్త చోటు మిగల్చమనండి. కాలేజీ పండగకి గీసిన పోస్టరో, నాన్న కొట్టు లెక్కలకి రాసిన చిన్న ప్రోగ్రామో... అడక్కపోయినా తీసి చూపించొచ్చు.