ఒక సెక్షను, ఒక మాట: చట్టం ఎక్కడ తయారవుతుంది?

"అట్రాసిటీ చట్టం ఉంది కదా, ఇంకా ఎందుకీ గొడవ?" అని మనల్ని చాలామంది అడుగుతుంటారు. చట్టం ఉన్న మాట నిజమే. అయితే పార్లమెంటు రాసేది మాటలు. ఆ మాటలకు అర్థం చెప్పేది కోర్టు. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన అర్థానికి దేశంలోని కోర్టులన్నీ కట్టుబడి ఉండాలి. ఈ రెంటి మధ్యా మన కేసులు ఎలా జారిపోతాయో తెలియడానికి ఒక్క సెక్షను చాలు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని పార్లమెంటు 1989లో చేసింది. 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. మూడో సెక్షను రెండో ఉపసెక్షనులో ఐదో క్లాజు ఉంది. పదేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాన్ని ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళు దళితుల మీద, ఆదివాసుల మీద చేస్తే యావజ్జీవ శిక్ష వేయాలంటుంది. కానీ అందులో ఒక షరతు పెట్టారు. బాధితులు ఎస్సీ, ఎస్టీ "అనే కారణంగా" ఆ నేరం జరిగి ఉండాలి.

ఈ మాటే మన మెడకు చుట్టుకుంది. కులం కారణంగానే కొట్టానని, చెరిచానని ఏ నేరస్తుడు ఒప్పుకుంటాడు? అయినా కోర్టులు దానికి విడిగా సాక్ష్యం చూపించమన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసు చూడండి. 2011లో పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అత్యాచార నేరానికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కులం, ఆడతనం, అంధత్వం మూడూ కలిసి ఆమెను ఎలా అణచివేస్తాయో తీర్పులో వివరంగా రాసింది. చివరికి మాత్రం "కులం కారణంగా" అనడానికి సాక్ష్యం లేదని అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది.

మరి పార్లమెంటు ఊరుకుందా? లేదు. దళిత సంఘాలు ఏళ్ళ తరబడి అడగ్గా 2014 మార్చిలో ఆర్డినెన్సు వచ్చింది. తర్వాత సవరణ బిల్లును 2015 ఆగస్టులో లోక్‌సభ, డిసెంబరులో రాజ్యసభ ఆమోదించాయి. 2016 జనవరి 26 నుంచి "అనే కారణంగా" పోయి "అని తెలిసి" వచ్చింది. ఎనిమిదో సెక్షనులో ఇంకో మాట చేర్చారు. నిందితుడికి బాధితులతోగానీ వాళ్ళ కుటుంబంతోగానీ పరిచయం ఉంటే, వాళ్ళ కులం అతనికి తెలుసనే కోర్టు అనుకోవాలి. తెలియదని రుజువు చేసుకునే బాధ్యత అతనిదే. అయితే శిక్షను పెంచే సవరణ వెనకటి నేరాలకు వర్తించదు. అందుకే 2011 నాటి కేసులో ఆ యువతికి అది అక్కరకు రాలేదు.

కోర్టు అర్థం చెప్పడంతో ఆగని సందర్భం కూడా ఉంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు చట్టంలో లేని షరతులు పెట్టింది. అరెస్టుకు ముందు పై అధికారి అనుమతి ఉండాలంది. కేసు కట్టే ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ చేయవచ్చంది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18-ఎ సెక్షను తెచ్చి ఆ షరతులు చెల్లవంది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18-ఎ సరైనదేనంది. కాకపోతే పైకి చూడగానే కేసు లేదనిపిస్తే ముందస్తు బెయిలు ఇవ్వవచ్చంది.

కాబట్టి పార్లమెంటు మనదనీ కోర్టు పరాయిదనీ మేము అనడం లేదు. "అనే కారణంగా" అని రాసింది పార్లమెంటే. ఆ మాటను మార్పించింది మన పోరాటం. ఇప్పుడు "అని తెలిసి" అన్నమాట పోలీసుస్టేషనులోనే మొదలవ్వాలి. నిందితుడిది అదే ఊరా, ఎన్నేళ్ళ పరిచయం, మన వాడ అతనికి తెలుసా, వాళ్ళ పొలంలో పనికి వెళ్ళామా అన్నవన్నీ మొదటి ఫిర్యాదులోనే రాయించాలి. ఊళ్ళో ఎవరిది ఏ కులమో తెలియనివాడు ఉండడు. కానీ కాగితం మీద లేనిది కోర్టుకు కనపడదు. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఫిర్యాదు రాసేటప్పుడు పక్కన కూర్చుంటే ఈ పని అవుతుంది.