నజరే అల

నాకు ఈత రాదు. పెద్ద అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళ డాక్యుమెంటరీలంటే మొదట్లో సర్కస్ చూసినట్టే చూసేవాణ్ణి. 'మాయా అండ్ ద వేవ్' (2022) చూశాక, అసలు అంత అల అక్కడే ఎందుకు లేస్తుందో తెలుసుకోవాలనిపించింది.

పోర్చుగల్‌లో నజరే ఊరి ఎదుట సముద్రం అడుగున పెద్ద లోయ ఉంది. దాని లోతు ఒకచోట సుమారు 5 కిలోమీటర్లు. లోతు నీటిలో అల వేగం తగ్గదు, పక్కన లోతు తక్కువైన చోట తగ్గుతుంది. ముందు పరుగెత్తిన నీరూ వెనకబడిన నీరూ తీరం దగ్గర కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ వేగాన్ని చేతులతో ఈది అందుకోవడం మనిషి తరం కాదు. అందుకే సర్ఫర్‌ని జెట్ స్కీకి కట్టిన తాడుతో లాగి అల మీదికి వదులుతారు.

2013లో బ్రెజిల్‌కు చెందిన మాయా గబేరా ఇక్కడే పడి స్పృహ తప్పింది. తోటి సర్ఫర్ కార్లోస్ బుర్లే ఒడ్డుకు చేర్చి, గుండె మీద నొక్కి బతికించాడు. ఆ తర్వాత వెన్నుకు ఆపరేషన్లు. అయినా 2018లో అక్కడే 68 అడుగుల అల ఎక్కింది. గిన్నిస్‌లో దానికి మహిళల విభాగమే లేదట! ఆమె సంతకాలు సేకరించాకే పేరెక్కింది. 2020లో 73.5 అడుగులు.

రెండోసారి చూసినప్పుడు నా కళ్ళు అల మీద లేవు, కాపాడటానికి వెనకాలే కాచుకుని తిరిగే ఇంకో జెట్ స్కీ మీదే ఉన్నాయి.