‘పనిచేయట్లేదు’ అంటే సరిపోదు: తప్పును సరిగ్గా చెప్పడమూ ఒక చదువే



మీ అమ్మాయి 12వ తరగతి ఇన్ఫర్మేటిక్స్ ప్రాక్టీసెస్ ప్రాజెక్టు కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిందనుకోండి. దాన్ని నడిపితే మార్కులతో ఒక ఎక్సెల్ షీటు తయారవుతుంది. చివరి కాలమ్‌లో టోటల్ ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్‌లో తెరిచి చూసుకుంది, అంతా బాగుంది. సంబరంగా అదే ఫైల్‌ను ఆఫీసులో ఉన్న మీకు వాట్సాప్‌లో పంపింది. మీ ఫోన్‌లో తెరిస్తే పేర్లున్నాయి, మార్కులున్నాయి. టోటల్ కాలమ్‌లో మాత్రం పైనుంచి కింది దాకా సున్నాలే.

"టోటల్ రాలేదేంటమ్మా?" అని మీరు అడుగుతారు. "నా దగ్గర బాగానే వచ్చిందే!" అని ఆమె అంటుంది. ఇద్దరి మాటా నిజమే. రేపు సబ్‌మిషన్. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "పనిచేయట్లేదు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ నోట రాదు.

ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయే పిల్లలకూ, దాన్ని దాటి నాలుగు వాక్యాలు చెప్పగలిగే పిల్లలకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ నాలుగు వాక్యాలు ఏమిటో ఈ నెల చూద్దాం.

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలు కావు

ఎక్సెల్ ఫైల్ తయారుచేయడానికి కావాల్సిన కోడ్‌నంతా మీ అమ్మాయి మొదటి నుంచి రాయలేదు. ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌ను వాడుకుంది. అలా సిద్ధంగా ఉన్న కోడ్ కట్టనే ప్రోగ్రామర్లు లైబ్రరీ అంటారు. పిల్లలు పాఠాల్లో నేర్చుకునే పాండాస్ కూడా ఒక లైబ్రరీయే. ఎక్సెల్ ఫైళ్ల దగ్గరకు వచ్చేసరికి అది ఓపెన్‌పైఎక్సెల్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్ లాంటి వేరే లైబ్రరీల సాయం తీసుకుంటుంది.

ఇవన్నీ ఓపెన్ సోర్స్. అంటే వాటి కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు, మార్పులు సూచించవచ్చు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్‌నే తీసుకోండి. జాన్ మెక్‌నమారా అనే ప్రోగ్రామర్ దాన్ని 2013లో విడుదల చేశారు. నేటికీ అది ప్రధానంగా ఆయన శ్రమే. ఇలాంటి లైబ్రరీలకు కస్టమర్ కేర్ నంబరు ఉండదు. వాడేవాళ్లు తమకు ఎదురైన ఇబ్బందిని రాసి పంపితేనే తయారుచేసినవారికి తెలుస్తుంది.

అలా వచ్చే ఉత్తరాలు రెండు రకాలు. మనం టైలర్ దగ్గరకు వెళ్లినట్టే అనుకోండి. కుట్టించుకున్న చొక్కాకు రెండో రోజే బొత్తం ఊడితే అది ఫిర్యాదు. "ఇంకో జేబు పెట్టగలరా?" అని అడిగితే అది కోరిక. సాఫ్ట్‌వేర్‌లో మొదటిదాన్ని బగ్ రిపోర్టు అనీ, రెండోదాన్ని ఫీచర్ రిక్వెస్టు అనీ అంటారు. చేస్తానన్న పని సరిగ్గా చేయకపోతే బగ్. చేస్తానని అసలు చెప్పని పనిని చేయమని అడిగితే ఫీచర్ రిక్వెస్టు. ఏది ఏదో తెలుసుకుని రాయడమే మొదటి మెట్టు.

రెండు ఉత్తరాలు

ఇప్పుడు సున్నాల సంగతికి వద్దాం. కంగారులో ఉన్న విద్యార్థి రాసే ఉత్తరం సాధారణంగా ఇలా ఉంటుంది:

"సర్, టోటల్ రావట్లేదు. అర్జెంట్. రేపే సబ్‌మిషన్. ప్లీజ్ హెల్ప్."

చదివినవారికి జాలి కలుగుతుంది కానీ చేయగలిగేది ఏమీ ఉండదు. ఏ ప్రోగ్రామ్? ఏ టోటల్? ఎక్కడ తెరిచారు? దేనికీ జవాబు లేదు.

అదే విద్యార్థి పది నిమిషాలు ఆగి ఇలా రాయవచ్చు:

"నేను వాడుతున్న పైథాన్ వెర్షన్, లైబ్రరీ వెర్షన్ కింద రాశాను. ఐదారు లైన్ల చిన్న ప్రోగ్రామ్ జతచేశాను. అందులో మొదటి గడిలో 40, రెండో గడిలో 45, మూడో గడిలో ఆ రెండింటినీ కూడే ఫార్ములా ఉన్నాయి. మూడో గడిలో 85 కనిపించాలి. కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో తెరిస్తే 85 కనిపించింది. అదే ఫైల్‌ను ఫోన్‌లోని ఫైల్ వ్యూయర్‌లో తెరిస్తే 0 కనిపించింది."

ఈ రెండో ఉత్తరంలో నాలుగే విషయాలున్నాయి. ఏమి వాడాను, ఏమి చేశాను, ఏమి రావాలి, ఏమి వచ్చింది. గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. ముందు తెలుగులో ఆలోచించుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసుకున్నా చాలు. ‘అర్జెంట్’ అన్న మాట కంటే ఆ ఐదారు లైన్ల ప్రోగ్రామే త్వరగా పని చేయిస్తుంది. నమూనా ప్రోగ్రామ్ లేకుండా సమస్యను కనిపెట్టడం సాధారణంగా కుదరదని, అది వీలైనంత చిన్నదిగా ఉండాలని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్ సూచనల్లోనే రాసి ఉంటుంది.

చిన్నదిగా ఎందుకు? నలభై మంది విద్యార్థులు, ఆరు సబ్జెక్టులు ఉన్న షీటులో తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం. ఒక్క వరుసకు, రెండు అంకెలకు కుదించినా సున్నా వస్తోందంటే మిగతావేవీ కారణం కాదని తేలిపోయినట్టే. ఇంట్లో కరెంటు ట్రిప్ అయితే ఒక్కో స్విచ్ ఆపుతూ ఏ వస్తువు వల్ల పోతోందో కనుక్కుంటాం కదా, ఇదీ అంతే.

ఇంతకీ సున్నాలు ఎందుకొచ్చాయి?

రెండో ఉత్తరం మళ్లీ చదవండి. జవాబు సగం అందులోనే ఉంది. ఫైల్ మారలేదు, తెరిచిన చోటు మారింది. అంటే అసలు ప్రశ్న "లెక్క ఎవరు కడుతున్నారు?" అన్నది.

ఎక్సెల్ ఫైల్‌లో ఫార్ములా ఉన్న గడిలో రెండు దాగి ఉంటాయి. ఒకటి ఫార్ములా, రెండోది ఆఖరిసారి లెక్కకట్టిన జవాబు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్ ఫార్ములాను రాస్తుంది కానీ లెక్క కట్టదు. జవాబు ఉండాల్సిన చోట 0 పెట్టి, "తెరిచినప్పుడు మళ్లీ లెక్కకట్టు" అని ఎక్సెల్‌కు చెప్పి వదిలేస్తుంది. కంప్యూటర్‌లోని ఎక్సెల్ ఆ మాట విని లెక్కకడుతుంది. కొన్ని ఫోన్ యాప్‌లకు, పీడీఎఫ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌లకు లెక్కకట్టడం రాదు. ఉన్న సున్నానే చూపిస్తాయి.

కాబట్టి ఇది బగ్ కాదు. లైబ్రరీ వివరణ పుస్తకంలో ఈ సంగతి, దాని పరిష్కారం రెండూ ఉన్నాయి: ప్రోగ్రామ్‌లోనే టోటల్ లెక్కకట్టి, ఫార్ములాతో పాటు ఆ జవాబును కూడా ఇవ్వాలి. మరి రిపోర్టు రాసుకున్న పది నిమిషాలు వృథా అయ్యాయా? కాలేదు. అలా రాసుకోవడం వల్లే కారణం దొరికింది. పంపకముందే పరిష్కారమైపోవడం మంచి రిపోర్టులకు తరచూ జరిగేదే.

‘కాదు’ అన్న జవాబు, పదేళ్లకు వచ్చిన ‘సరే’

ఫీచర్ రిక్వెస్టుల కథ వేరు. ఎక్సెల్‌లో కాలమ్ ఇరుకైతే అంకెల బదులు వరుసగా హ్యాష్ గుర్తులు కనిపించడం మీరూ చూసే ఉంటారు. గీత మీద డబుల్ క్లిక్ చేస్తే కాలమ్ తనంతట తానే వెడల్పవుతుంది. దీన్నే ఆటోఫిట్ అంటారు. "ఆ సౌకర్యం లైబ్రరీలోనూ కావాలి" అనేది సహజమైన కోరిక.

దానికి చాలా ఏళ్లు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్ ఇచ్చిన జవాబు ‘కుదరదు’ అనే. కారణమూ చెప్పింది. ఎక్సెల్ ఫైల్‌లో ‘ఆటోఫిట్’ అని రాసిపెట్టే వీలు లేదు. తెరపై అక్షరాలను కొలిచి ఎక్సెల్ అప్పటికప్పుడు చేసే పని అది. చివరికి 2023లో, ఒక్కో అక్షరం వెడల్పును అంచనా వేసి దాదాపు అదే ఫలితం ఇచ్చే ఏర్పాటు లైబ్రరీలో చేరింది. ఇంకో కోరికకు మాత్రం జవాబు ఈనాటికీ మారలేదు. "ఉన్న ఫైల్‌ను తెరిచి మార్చగలగాలి" అంటే, "ఈ లైబ్రరీ రాయడానికే, చదవడానికి కాదు" అని స్పష్టంగా చెబుతుంది. ఆ పనికి ఓపెన్‌పైఎక్సెల్ ఉంది.

పిల్లలకు ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. ‘కాదు’ అనడం అవమానం కాదు. కారణంతో చెప్పిన ‘కాదు’ మనకు దారి చూపిస్తుంది.

మన తెలుగు వాళ్లే చెప్పగలిగేవి

"మన పిల్లలు చెబితే వాళ్లు వింటారా?" అనే సందేహం మీకు రావచ్చు. ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎక్సెల్ గడిలో ‘స్త్రీ’ అని టైప్ చేసి, అక్షరాలను లెక్కపెట్టే లెన్ ఫార్ములాతో కొలవండి. 6 అని వస్తుంది. మనకు కనిపించేది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిపి ఆరు.

అక్షరాల లెక్కతో వెడల్పును అంచనా వేసే ఏ పద్ధతికైనా ఇలాంటి చోట చిక్కు రావచ్చు. తెలుగు చదవడం రాని ప్రోగ్రామర్‌కు అది కంటికి కనిపించదు. మన ఇంటి పేర్లు, ఊళ్ల పేర్లు షీటులో ఎలా చెడుతున్నాయో చెప్పగలిగేది తెలుగు చదవడం వచ్చినవారే. తొమ్మిదో తరగతి విద్యార్థి చెప్పినా, ఆ నాలుగు వాక్యాలు సరిగ్గా ఉంటే చాలు.

చెప్పకపోతే ఏమవుతుంది?

ఎర్రర్ చూపించి ఆగిపోయే తప్పు మంచిదే. నోరు మూసుకుని ఉండే తప్పే ప్రమాదం. జన్యుశాస్త్రంలో ‘మార్చ్1’, ‘సెప్ట్1’ అనే పేర్లున్న జన్యువులు ఉండేవి. ఆ పేర్లను ఎక్సెల్‌లో టైప్ చేస్తే చడీచప్పుడు లేకుండా తేదీలుగా మారిపోయేవి. 2004లోనే శాస్త్రవేత్తలు దీని గురించి రాశారు. జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో శాస్త్రవేత్తలు జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఆ మార్పిడిని ఆపుకునే వీలు ఎక్సెల్‌లో 2023లో వచ్చింది.

ఇంట్లోనూ అంతే. తప్పు దొరికిన ప్రతిసారీ తిట్లు పడితే పిల్లలు తప్పును దాచడం నేర్చుకుంటారు. సున్నాలను చేత్తో చెరిపేసి, టోటల్ అంకెలను టైప్ చేసి ఇచ్చేస్తారు. ప్రాజెక్టు మార్కులు వస్తాయి, చదువు రాదు.

ఒక్క జాగ్రత్త

రిపోర్టులు అందరూ చూసే చోట ఉంటాయి. నమూనా ఫైల్‌లో తోటి పిల్లల అసలు పేర్లు, మార్కులు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉండకూడదు. కల్పిత పేర్లు, ఉత్తుత్తి అంకెలే వాడాలి. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా ఉండే గిట్‌హబ్‌లో ఖాతా తెరవాలంటే కనీసం 13 ఏళ్లు నిండాలి. మొదటి రిపోర్టును మీరో, కంప్యూటర్ టీచరో ఒకసారి చదివాకే పంపించండి.

ఈ నెల ఇంట్లో

మీ అబ్బాయి "మ్యాథ్స్ రావట్లేదు" అంటే వెంటనే ట్యూషన్ గురించి ఆలోచించకండి. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: ఏ లెక్క? ఏ స్టెప్ దాకా వచ్చావు? జవాబు ఎంత రావాలి? నీకు ఎంత వచ్చింది? చాలాసార్లు మూడో ప్రశ్నకు వచ్చేసరికే తన పొరపాటు తనకే కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ నాలుగు జవాబులనూ నోట్‌బుక్‌లో రాయించి టీచర్‌కు చూపించమనండి.

పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మనకూ ఇది పనికొస్తుంది. "మావాడు చదవట్లేదు మేడమ్" అంటే టీచర్ ఏమి చేయగలరు? "భాగాహారంలో శేషం వచ్చే లెక్కల దగ్గర ఆగిపోతున్నాడు, మంగళవారం హోంవర్క్‌లో మూడింటికి మూడూ తప్పాయి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు ఆ నిమిషమే తెలుస్తుంది.

ఆ నాలుగు ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి చదువుకునే బల్ల దగ్గర అతికించండి. ఈసారి "పనిచేయట్లేదు" అన్న మాట వినగానే, కోపం తెచ్చుకోకుండా, ఆ కాగితం వైపు చూపించండి.