గల్లీ పాటకు జతి తోడైతే...!

"ఏంటికన్నా నగుతావు?" అని నిలదీసిందా అమ్మాయి.

నిజానికి నేను నవ్వింది ఆమెను చూసి కాదు, వాళ్ళన్నను చూసి! కళ్యాణదుర్గంలో మా బంధువుల ఇంటి మిద్దె మీద, ఓ సాయంత్రంపూట, పక్కింటి అన్నాచెల్లెళ్ళు తాము కట్టిన ర్యాప్ పాట వినిపిస్తున్నారు. సినిమా పత్రికలకు రాసే మనిషి వచ్చాడని తెలిసి వాళ్ళే పిలిచారు. చెల్లెలు డిగ్రీ చదువుతోంది. అన్న పై వారం బెంగుళూరుకు పనికి పోతున్నాడు. పోయేలోగా పాట రికార్డు చేసి, సెల్‌ఫోనుతోనే వీడియో తీయాలని ఇద్దరి పంతం.

చెల్లెలి వంతులో మబ్బు పట్టి కురవని వాన, ఎండిన బోరు, పెట్టుబడి కూడా తిరిగిరాని చెనిక్కాయ పంట... అంతా సీమ యాసలో, గుండెకు తగిలేలా ఉంది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడిన అనంతపురం బిడ్డకు ఆ మాటలు ఒకరు నేర్పాలా? అన్న వంతు వచ్చేసరికి మాత్రం మనవాడు ముక్కుతో తెలుగు పలుకుతూ, న్యూయార్కులో పుట్టిపెరిగినవాడిలా చేతులు తిప్పడం మొదలుపెట్టాడు. నవ్వు ఆపుకోలేకపోయాను.

"మన మాట పెడితే పల్లెటూరోళ్ళని నగుతారన్నా" అన్నాడు చిన్నబుచ్చుకుని.

"నీది చూసే గదా అన్న నగింది ఇప్పుడు!" అంది చెల్లెలు.

వాళ్ళ తగవు తీర్చడానికి ఫోనులో ఒక పాట పెట్టాను. పేరు 'సిటీ స్లమ్స్'. 2017లో వచ్చిన జంట ర్యాప్ పాట అది.

ఎవరీ రాజకుమారి?

ఈ పాట పాడిన రాజకుమారి మన తెలుగింటి పిల్లే! అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. చిన్ననాటి నుంచే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చింది. తర్వాత హిప్-హాప్ మోజులో పడింది. అమెరికన్ గాయకులకు పాటలు రాసి పేరు తెచ్చుకుంది. ఫాల్ అవుట్ బాయ్ బృందం 2014లో విడుదల చేసిన 'సెంచరీస్' పాట రచనలో ఆమె చెయ్యి ఉంది. ఇగ్గీ అజేలియా ఆల్బమ్‌కు చేసిన రచన గ్రామీ నామినేషన్ దాకా తీసుకెళ్ళింది.

ఇక ఆమెకు జోడీ డివైన్. అసలు పేరు వివియన్ ఫెర్నాండెస్. ముంబయి అంధేరీ కుర్రాడు. 2015లో నేజీ అనే మరో కుర్రాడితో కలిసి చేసిన 'మేరే గల్లీ మే' పాటతో దేశమంతా తెలిసిపోయాడు. ఈ ఇద్దరి జీవితాల స్ఫూర్తితోనే జోయా అక్తర్ 2019లో 'గల్లీ బాయ్' తీసిందన్న సంగతి మన పాఠకులకు కొత్త కాదు. ఆ చిత్రంలో రాజకుమారి కూడా అతిథిగా తళుక్కుమంది!

ఇద్దరిదీ ఒకే దారి కాదు

'సిటీ స్లమ్స్'లో రాజకుమారి ఇంగ్లీషులో పాడితే, డివైన్ హిందీలో బదులిస్తాడు. ఒకరి యాస ఒకరు అరువు తెచ్చుకోలేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఆలోచించండి... కాలిఫోర్నియాలో పెరిగిన అమ్మాయి ఒక్కతే వచ్చి ముంబయి బస్తీల మీద పాట కట్టి వీడియో తీసుకుని పోతే ఏమనేవాళ్ళం? పేదల ఇళ్ళను సెట్టింగుగా వాడుకుందని అనమూ? నాకూ మొదటిసారి చూసినప్పుడు ఆ అనుమానం కలిగింది. కానీ పక్కన ఆ ఊరి గల్లీల్లోనే ఎదిగినవాడు నిలబడి తన భాషలో తాను చెప్పుకునేసరికి పాటకు సాక్ష్యం దొరికింది. ఆమె దూరం నుంచి వచ్చిన మనిషి, అతను అక్కడివాడు. ఆ తేడాను దాచకపోవడమే పాటకు బలం.

తాళం మనదే!

రాజకుమారి ర్యాప్‌లో మరో విశేషముంది. నాట్యగురువులు తట్టుకర్ర తడుతూ చెప్పే జతులు ఆమె నోట ర్యాప్‌గా మారిపోతాయి. ఇందులో వింతేమీ లేదు లెండి. ర్యాప్ సాధారణంగా నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తుంది. మన 'తకధిమి' కూడా నాలుగే. మధ్యలో 'తకిట' అని మూడేసి అక్షరాలు దూర్చితే పరుగు మారుతుంది. ఆ లెక్క తెలిసినవాళ్ళకు బీటు బానిస!

ఇక వంతులు వేసుకుని పాడటమా? బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే వంతలు అందుకోరూ? మన సీమ చెక్కభజనలో గురువు ఒక చరణం ఎత్తుకుంటే దళమంతా బదులివ్వదూ? 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటలు మోగించిన ఒక వేడుకను హిప్-హాప్ పుట్టినరోజుగా చెబుతారు. పుట్టింది అక్కడే కావచ్చు, నోటితో తాళం నడపడం మాత్రం మన ఊళ్ళకు కొత్త కాదు.

ఖర్చు సంగతా? 2014లో నేజీ తన 'ఆఫత్' పాట వీడియోను ఒక ఐప్యాడ్‌తోనే తీశాడు. డబ్బు లేదన్న సాకు అప్పుడే చెల్లిపోయింది.

మిద్దె మీద తీర్పు

ఇదంతా విన్నాక అన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు: "మరి నేనేం రాయాలన్నా? చేను గురించి అంతా అదే రాసేసింది గదా!"

"నువ్వు బెంగుళూరు పోతుండావు గదప్పా. దాన్నే రాయి. ఆ పొద్దు బస్సెక్కేటప్పుడు మీ అమ్మ ఏమంటుందో, సంచిలో ఏం పెడుతుందో రాయి. ఉండేది ఆమె పాట, పోయేది నీ పాట" అన్నాను.

చెల్లెలు ఠక్కున తల తిప్పుకుంది. అన్న పోతున్నాడన్న మాట అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా అనలేదేమో!

అతను మాత్రం ఫోను తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపటికి పక్కనున్న ఖాళీ నూనె డబ్బా మీదకి వంచి తాళం అందుకుంది. ఈసారి ముక్కుతో పలకలేదు మనవాడు. మొదటి రెండు ముక్కలు వినేసరికి నాకు నవ్వు రాలేదు.

వీడియో తీశారో లేదో ఇంకా కబురు రాలేదు. వస్తే మాత్రం, దాన్ని మొట్టమొదట చూసేది నేనే!